ఒక్కడు లేపగల బండి

మంగ్లూ మిస్త్రీ కొట్టు ముందు మూడు మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. మూడూ యుద్ధం ముగిశాక సైన్యం వేలంలో అమ్మేసిన బళ్ళు. ముదురాకుపచ్చ రంగు పెచ్చులూడి కింద ఇనుము కనబడుతోంది. మంగ్లూ చాలా ఏళ్ళు పెద్దవాళ్ళ కార్లు నడిపాడు, బాగుచేశాడు. ఆ పనితనం నమ్ముకునే వీటిని కొనుక్కొచ్చి జగదల్‌పూర్‌లో అద్దెకు తిప్పుతున్నాడు. కావలసినవాళ్ళు వచ్చి స్టార్టు చేసి, చప్పుడు విని, సీటు మీద కూర్చుని చూసుకుని తీసుకుపోతారు. ఆ ఉదయం వచ్చిన రామనర్సయ్య అవేవీ చెయ్యలేదు. అన్నిటికంటే పెద్ద బండిని హ్యాండిల్ పట్టుకుని రోడ్డు పక్కకు నడిపించి, ఇసుకలో మెల్లగా పడుకోబెట్టాడు. తర్వాత కండువా నడుముకు బిగించి దాన్ని లేపడానికి చూశాడు.

అది జానెడు లేచి మళ్ళీ కూలబడింది. వీపు సీటుకు ఆనించి, మడమలు నేలకు తన్ని ఇంకోసారి చూశాడు. ఆయాసం వచ్చింది గానీ బండి కదల్లేదు. చివరికి మంగ్లూ వచ్చి ఓ చెయ్యి వేస్తే ఇద్దరూ కలిసి నిలబెట్టారు.

మంగ్లూకి ఒళ్ళు మండింది. కొనే ఎద్దునైనా ఇలా పడేసి చూడరని హిందీలో గొణిగాడు. ఎక్కడికి పోవాలో చెబితే ఏ బండి పనికొస్తుందో తనే చెబుతానన్నాడు. సుక్మా దాటి, దోర్నపాల్ దగ్గర కొంటా రోడ్డు వదిలేసి, గొల్లపల్లి మీదుగా ఉసూర్ వైపు అడవిలోకి, పదిహేను రోజులకని రామనర్సయ్య చెప్పాడు. దోర్నపాల్ దాటాక ఉన్నది బండ్ల బాట మాత్రమే. అలాంటి చోటికి బలమైన ఇంజను ఉండాలి, ఆ పెద్ద బండే తీసుకొమ్మన్నాడు మంగ్లూ. లేదంటే పక్క తొట్టి ఉన్న రెండోది తీసుకుంటే సామాను పెట్టుకోవచ్చు, ఇంటావిడను కూడా కూర్చోబెట్టుకోవచ్చు.

"వాగులో పడితే నేనొక్కడినే లేపాలి మిస్త్రీ. నా వెంట ఎవరూ ఉండరు," అన్నాడు రామనర్సయ్య.

అప్పుడు మూడోదాని వైపు చూశాడు. అది పెద్ద సైకిలు కన్నా కాస్త లావు, అంతే. విమానంలోంచి గొడుగులు కట్టుకుని దూకే సిపాయిల కోసం చేసిన బండి అది. వాళ్ళతోపాటు దాన్నీ కిందికి దించేవారట. జగదల్‌పూర్‌లో ఎవరూ దాన్ని అద్దెకు అడగలేదు. సంతకు పోయి రావడానికి కూడా నామోషీ పడ్డారు. రామనర్సయ్య దాన్ని ఇసుకలో పడుకోబెట్టి, వంగి, ఒక్క ఊపున లేపాడు. మళ్ళీ పడుకోబెట్టి ఎడంవైపు నుంచి లేపాడు. తర్వాత ముందు చక్రం పైకెత్తి, అంత ఎత్తున పట్టుకుని నాలుగడుగులు నడిచాడు.

ఇంజను తర్వాత చూశాడు. ప్లగ్గు విప్పి నిప్పురవ్వ పడుతోందో లేదో చూసి, గొలుసు వదులు వేలితో కొలిచి, టైర్ల అంచులు తడిమాడు. స్టార్టు చేసి పావుగంట అలాగే ఉంచి, ఇంజను పక్కన అరచెయ్యి పెట్టి ఎంత వేడి పైకి కొడుతోందో చూశాడు. చిన్న ఇంజను కాబట్టి సీటు దాకా సెగ రావడం లేదు. అతనికి అన్నిటికన్నా కావలసింది అదే. ఛాతీకి కట్టుకుని పోవలసిన పెట్టెకు వేడి తగలకూడదు.

ఆ పెట్టెలో మశూచికం టీకా మందు ఉంది. రామనర్సయ్య టీకాదారు.

అతను కొంటా మనిషి. యుద్ధంలో ఆసుపత్రి దళంతో ఇంఫాల్ దాకా వెళ్ళి మోటారు సైకిలు నేర్చుకున్నాడు. అతను అక్కడ ఉండగానే భార్య నాగేశ్వరమ్మ జ్వరంతో పోయింది. ఉత్తరం చేరేసరికి నాలుగు నెలలు దాటాయి. పిల్లలు లేరు. తిరిగొచ్చాక తెలుగు, హిందీ, హల్బీ, డోర్లీ నాలుగూ వచ్చునని టీకాల పనిలో పెట్టుకున్నారు. పగలంతా ఆ నాలుగు భాషలూ మాట్లాడతాడు. సాయంత్రం గది తలుపు తీశాక ఏ ఒక్కటీ అక్కర ఉండదు.

నిరుడు చైత్రంలో ఇదే దారిన ఎద్దుబండిలో వెళ్ళాడు. ఇప్పమెట్ట అనే డోర్లా గిరిజనుల పల్లె చేరేసరికి తొమ్మిది రోజులైంది. మందు చల్లగా ఉంటే బతుకుతుంది. ఎండకు ఐదో రోజు నుంచి దాని బలం పోతూ ఉంటుంది. ఇప్పమెట్టలో పెట్టె తెరిచినప్పుడు లోపలి గాజు గొట్టాలు పొయ్యి పక్కన పెట్టిన గిన్నెల్లా వెచ్చగా తగిలాయి. అతనికి అప్పుడే అనుమానం వచ్చింది. అయినా అంతదూరం వచ్చి మందు వెయ్యకుండా తిరిగి వెళ్తే పైవాళ్ళకు ఏం చెప్పాలో తెలియలేదు. తమ భాష మాట్లాడే మనిషని నమ్మి ఊరివాళ్ళు పిల్లల్ని తెచ్చి వరసలో నిలబెట్టారు. ముప్పై నాలుగు చేతుల మీద సూదితో గీరి మందు వేశాడు. ఎనిమిదో రోజు మళ్ళీ వచ్చి పొక్కులు లేచాయో లేదో చూడాలి. చూడలేదు. అన్నీ లేచాయని రాసి ఇచ్చేశాడు.

వైశాఖం చివర ఇప్పమెట్టకు అమ్మవారు వచ్చింది. ఏడుగురు పిల్లలు పోయారు. ఆ మాట వానలు వెనకబట్టాక ఎవరో అటవీ గార్డు యథాలాపంగా చెబితే రామనర్సయ్యకు తెలిసింది.

అందుకే ఈసారి మందు రాయపూర్ నుంచి ఐసులో దిగిన మర్నాడే మంగ్లూ కొట్టుకు వచ్చాడు. సర్కారు ఎద్దుబండి తప్ప ఇవ్వదు. ఇది తన జీతంలోంచి తెచ్చుకుంటున్న బండి.

మంగ్లూ ఇక వాదించలేదు. పెట్రోలులో ఎంత నూనె కలపాలో రెండుసార్లు చెప్పాడు. అదనంగా ఒక ప్లగ్గూ, గొలుసు లంకె ఒకటీ, ట్యూబుకు అతుకులేసే సామానూ ఇచ్చి, పెట్రోలు డబ్బాలు రెండు వెనకాల తాడుతో తనే బిగించి కట్టాడు.

రామనర్సయ్య మందు పెట్టెను తడి గోనెలో చుట్టి ఛాతీకి కట్టుకున్నాడు. దర్భా ఘాటు దిగేటప్పుడు ఎదురుగాలికి ఆ తడి చల్లగా ఒంటికి తగిలింది. పది మైళ్ళకోసారి ఆగి, దొరికిన నీళ్ళతో గోనె మళ్ళీ తడిపాడు. సాయంత్రానికి సుక్మా చేరి, సత్రం అరుగు మీద పెట్టెను నీళ్ళకుండల పక్కన పెట్టి, తను దాని పక్కనే పడుకున్నాడు. రోజంతా ఇంజను చప్పుడు వినీ వినీ, అది ఆగాక చెవుల్లో ఏమీ మిగలలేదు. సత్రం మనిషి ఏదో అడిగితే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రెండోరోజు దోర్నపాల్ దాటి అడవి బాట పట్టాడు. బండి గాడుల మధ్య గడ్డి మిట్ట మీద చిన్న చక్రాలు నిలకడగానే నడిచాయి. మధ్యాహ్నం ఒక వాగు ఇసుకలో ముందు చక్రం దిగబడి, బండి అతని కాలి మీద పడింది. పెట్టెను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. పెట్టె తడవలేదు, పగల్లేదు. కాలు లాక్కుని, బండి లేపి, అవతలి ఒడ్డుకు తోసుకుపోయాడు. చీలమండ వాచింది. ఒడ్డున కూర్చుని నీళ్ళు తాగుతూ, ఇప్పుడు తను ఇక్కడ ఉన్నట్టు ఈ లోకంలో ఎవరికీ తెలియదని అనుకున్నాడు. ఆ ఆలోచనలో భయం లేదు. నాగేశ్వరమ్మ పోయినప్పటి నుంచీ అది అలవాటైన ఆలోచనే.

మూడోరోజు పొద్దు ఎక్కకముందే ఇప్పమెట్ట చేరాడు. ఊరి బయట ఇప్పచెట్ల కింద పువ్వు పరుచుకుని ఉంది. ఆ కాలంలో తెల్లవారకముందే ఆడవాళ్ళు గంపలతో వచ్చి ఏరుకుంటారు. అక్కడ ఎవరూ ఏరలేదు. నిన్నటి పువ్వు మీద ఇవాళ్టి పువ్వు రాలి, కిందిది పులిసి, వాసన బాట దాకా కొడుతోంది. ఇంజను ఆపాడు. కుక్క కూడా మొరగలేదు. ఊళ్ళో ఇళ్ళ తడికలు ఊడదీసి పట్టుకుపోయారు. నిట్రాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి. పొయ్యిగడ్డల్లో గడ్డి మొలిచింది.

ఊరికి పడమట, చింతతోపు అవతల, చిన్న చిన్న మట్టిదిబ్బలు కనిపించాయి. వాటి మీద రాళ్ళు పేర్చారు. వానలకు కొన్ని జారిపోయాయి. రామనర్సయ్య వాటి దగ్గరికి వెళ్ళాడు గానీ లెక్కపెట్టలేదు. ఒక దిబ్బ మీద నుంచి జారిన రాయి తీసి పైన పెట్టబోయి, తను ముట్టుకోవచ్చునో లేదో తెలియక, చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి దాన్ని ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేశాడు.

ఆ రోజంతా బాటలు వెతికాడు. అడిగేందుకు మనిషి దొరకలేదు. నాలుగోరోజు ఉదయం రెండు వాగుల అవతల ఒక తాటిచెట్టు మీద కల్లు కుండ దించుతున్న మనిషి కనిపించాడు. కిందికి దిగాక చూస్తే హడ్మా, ఇప్పమెట్ట పటేలు. నిరుడు పిల్లల్ని వరసలో నిలబెట్టింది అతనే. హడ్మా బండినీ, మనిషినీ, ఛాతీ మీది పెట్టెనూ చూశాడు. పలకరించలేదు. కుండ భుజాన పెట్టుకుని నడిచాడు. రామనర్సయ్య బండి ఆపి తోసుకుంటూ, వాచిన కాలితో కుంటుతూ అతని వెనక నడిచాడు. వాగు అవతల కొత్తగా వేసిన పదిహేను గుడిసెలు ఉన్నాయి. ఆరబోసిన ఇప్పపువ్వు చుట్టూ ఆడవాళ్ళు పనిచేసుకుంటున్నారు. అతన్ని చూడగానే పిల్లల్ని లోపలికి పంపేశారు.

హడ్మా ముంగిట్లో నాలుగైదుగురు మగవాళ్ళు చేరారు. కూర్చోమని ఎవరూ అనలేదు. రామనర్సయ్య నిలబడే మాట్లాడాడు. డోర్లీలో, మాట దొరకని చోట తెలుగు కలుపుతూ, ఈసారి మందు ఎందుకు వేగంగా తెచ్చాడో చెప్పి, అది ఇంకా ఈ ఒక్కరోజే పనిచేస్తుందన్నాడు. వాళ్ళు విన్నారు.

చివరికి హడ్మా అడిగాడు. "నిరుడు తెచ్చింది ఏంది మరి?"

రామనర్సయ్య ఈ ప్రశ్నకు జవాబు దారి పొడుగునా కట్టుకుంటూనే వచ్చాడు. ఎండ ఎక్కువైందనీ, ఎద్దులు నడవలేదనీ, కొందరి ఒంటికి మందు పట్టదనీ చెప్పొచ్చు. అవన్నీ అబద్ధాలు కూడా కావు.

"నిరుడు తెచ్చింది చచ్చిపోయిన మందు. పెట్టె తెరిచినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అయినా పొడిచిన. మళ్ళొచ్చి చూడలే."

ఇప్పపువ్వు దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి. ఒక మగవాడు లేచి రెండడుగులు ముందుకు వచ్చాడు. హడ్మా చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. రామనర్సయ్యతో అన్నాడు.

"నిజం చెప్పినవ్. దానికి నిన్ను కొట్టం. పో."

రామనర్సయ్య బండి తోసుకుంటూ వాగు దాటాడు.

అక్కడికి ఆరు మైళ్ళలో గోదావరి వైపు నుంచి వచ్చి అడవి కొట్టి పొలాలు చేసుకున్న తెలుగు రైతుల ఊరు ఉంది. పొద్దు నడినెత్తికి రాకముందే అక్కడికి చేరి, వేపచెట్టు నీడలో పెట్టె తెరిచాడు. గొట్టాలు చల్లగా ఉన్నాయి. ఒక్కొక్కటే పగలగొట్టి, పిల్లల చేతుల మీద గీరి మందు వేశాడు. పిల్లలు ఏడ్చారు. తల్లులు బెల్లం ముక్కలు నోట్లో పెట్టారు. అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆ ఊళ్ళో అతని భాషే మాట్లాడారు, ఏ ఊరు, ఎవరి అబ్బాయివని అడిగారు. అతను చెప్పాడు గానీ, ఆరు మైళ్ళ అవతల ఉన్న పదిహేను గుడిసెలు మనసులోంచి కదల్లేదు.

అందరూ ఇళ్ళకు పోయాక, ఊరి చివర కంచె పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉండడం చూశాడు. ఒళ్ళో రెండేళ్ళ పిల్ల నిద్రపోతోంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. పొద్దున ఇప్పపువ్వు దగ్గర ఉన్నవాళ్ళలో ఆమెను చూసిన గుర్తు. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

దగ్గరికి వెళ్ళి పేరు అడిగాడు. మాసే అంది. పిల్ల పేరు నందే. ఇంటి మగాయనకు చెప్పి వచ్చిందా అంటే, పెట్టె వైపు చూపించి అడిగింది.

"అది బతికే ఉన్నదా?"

"ఉన్నది. పొద్దు గూకేదాక ఉంటది."

"పట్టుకుని చూడొచ్చా?"

రామనర్సయ్య ఒక గొట్టం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. మాసే దాన్ని బుగ్గకు ఆనించుకుంది. చల్లగా ఉందని తెలిశాక తిరిగి ఇచ్చి, పిల్ల చెయ్యి చాపి పట్టుకుంది. సూది తగలగానే నందే లేచి గుక్కపట్టి ఏడ్చింది. మాసే పిల్లను ఊరుకోబెట్టలేదు. సూది కదిలినంతసేపూ ఆ సూదినే చూసింది. ఎనిమిదో రోజు ఉదయం తాటిచెట్టు దగ్గర, వాగుకు ఇవతల ఉంటానని అతను చెప్పాడు. సరేనని గానీ, కాదని గానీ అనకుండా వెళ్ళిపోయింది.

ఆ ఎనిమిది రోజులూ రామనర్సయ్య తెలుగు రైతుల ఊళ్ళోనే, ఒక కళ్ళం పక్క పాకలో ఉన్నాడు. మిగిలిన మందు, బయలుదేరిన ఐదో రోజు సాయంత్రం గొయ్యి తీసి పారబోశాడు. పగలు బండి గొలుసు తుడిచి నూనె వేసేవాడు, కాలికి ఆముదపాకు కట్టుకునేవాడు. ఊరివాళ్ళు భోజనం పెట్టి మర్యాదగా చూశారు. సాయంత్రం ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు వెళ్ళాక తలుపుల వెనక మాటలు వినిపించేవి. పాకలో కూర్చుని ఆ మాటలు వినేవాడు. తన ఇంట్లోనూ ఒకప్పుడు ఆ వేళకు అలాంటి చప్పుడే ఉండేది. నాగేశ్వరమ్మ ఏం మాట్లాడేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గొంతు గుర్తుంది, మాటలు గుర్తు రాలేదు.

ఎనిమిదో రోజు ఊళ్ళో పిల్లల చేతులన్నీ చూశాడు. ఇద్దరికి తప్ప అందరికీ పొక్కు గుండ్రంగా లేచింది. మధ్యలో గుంట, చుట్టూ ఎరుపు. అక్కడి నుంచి తాటిచెట్టు దగ్గరికి వెళ్ళాడు.

మాసే ముందే వచ్చి ఉంది. ఒంటరిగా రాలేదు. ఆమె వెనక ముగ్గురు ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు. వాగు అవతలి ఒడ్డున హడ్మా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నందే చేతి మీద పొక్కు ముత్యంలా నిండుగా ఉంది. రామనర్సయ్య దాన్ని ముట్టుకోకుండా రెండు వైపుల నుంచీ చూసి, మందు ఎక్కిందని చెప్పాడు. ఇక ఈ పిల్ల జోలికి అమ్మవారు రాదన్నాడు.

ఆ ముగ్గురూ తమ పిల్లల చేతులు ముందుకు చాపారు.

రామనర్సయ్య ఉత్త పెట్టె తెరిచి చూపించాడు. మందు చచ్చిపోయిందనీ, పారబోశాననీ, చచ్చిన మందు వెయ్యననీ చెప్పాడు. జగదల్‌పూర్ వెళ్ళి కొత్తది తెస్తానన్నాడు. ఇరవై రోజులు పట్టొచ్చు. ఈలోగా అమ్మవారు సోకిన ఊరికి ఎవరూ వెళ్ళొద్దని బతిమాలాడు. ఆడవాళ్ళు నమ్మారో లేదో వాళ్ళ మొహాల్లో తెలియలేదు. చాపిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని వాగు దాటి వెళ్ళిపోయారు. హడ్మా కాసేపు నిలబడి, వస్తే ఈ చెట్టు దగ్గరికే రమ్మని అవతలి నుంచి కేకవేసి చెప్పి, తనూ వెళ్ళాడు.

మాసే మాత్రం మిగిలింది. పిల్లను చంకన వేసుకుని నీళ్ళ అంచున నిలబడి, అతని వైపు చూడకుండా అడిగింది.

"నిరుడు బతికున్న మందు తెచ్చి ఉంటే, మా పెద్దపిల్ల గంగే బతికేదా?"

గంగే పేరు అతను వినడం అదే మొదలు. ముప్పై నాలుగు చేతుల్లో ఏ చెయ్యి ఆ పిల్లదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. చెప్పలేమనీ, దేవుడి చేతిలో ఉందనీ అనొచ్చు. ఆమె నమ్మేది కూడా.

"బతికేది," అన్నాడు.

మాసే తల ఊపింది. పిల్లను రెండో చంకకు మార్చుకుని వాగులోకి దిగింది. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. అవతల గట్టెక్కి, చీర కొంగుతో నందే పాదాలు తుడిచి, గుడిసెల వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజుకు ఇక ఎవరూ రారని రామనర్సయ్యకు తెలుసు. అయినా ఆమె కనబడినంతసేపూ నిలబడ్డాడు, కనబడకుండా పోయాక ఆ ఇసుకలోనే కూర్చుండిపోయాడు.